ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతకు చికిత్స – హృదయారోగ్యంపై దాని ప్రభావం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

యుద్ధం, ప్రమాదం, హింస, ప్రకృతి విపత్తు వంటి తీవ్ర అనుభవాల తరువాత కొందరిలో స్థిరపడే ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత (పీటీఎస్‌డీ) హృద్రోగ ముప్పును పెంచుతుందని గత రెండు దశాబ్దాల పరిశోధనలు చూపుతున్నాయి. ఆ రుగ్మతకు చికిత్స చేస్తే ఆ ముప్పు తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు లభించిన సమాధానాన్ని రెండవ ప్రశ్నకు కూడా అన్వయించే ధోరణి వైద్య రచనల్లోనూ, పత్రికల్లోనూ కనిపిస్తుంది. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి, అమెరికా మాజీ సైనికులపైనా, కవలలపైనా, నర్సులపైనా జరిగిన అధ్యయనాల ఆధారంగా చికిత్స ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. గుండెపోటే ఆఘాతంగా మారిన రోగుల స్థితిని చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆఘాతం, పీటీఎస్‌డీ, హృద్ధమని వ్యాధి, కవలల అధ్యయనం, ఎక్స్‌పోజర్ చికిత్స, గుండెపోటు, మందుల వాడకం.

1. ఉపోద్ఘాతం

భయానికీ దుఃఖానికీ తెలుగు నుడికారం గుండెనే నివాసంగా ఎంచుకుంది. గుండె జారిపోవడం, గుండె గుభేలుమనడం, గుండె చెదరడం, గుండె పగలడం, గుండె రాయి చేసుకోవడం – ఇవన్నీ మనఃస్థితులను చెప్పే మాటలే. ఆధునిక వైద్యం మనసును మెదడుకు అప్పగించి, గుండెను రక్తాన్ని తోసే కండరంగా నిర్వచించింది. ఆ విభజన వల్ల కలిగిన ప్రయోజనాలు తక్కువేమీ కావు. అయితే ఒకే రోగి మానసిక వైద్యుని దగ్గర ఒక చీటీ, హృద్రోగ నిపుణుని దగ్గర మరొక చీటీ పట్టుకొని తిరగడం, ఆ రెండు చీటీలూ ఒకదానినొకటి ఎన్నడూ చూడకపోవడం కూడా ఆ విభజన ఫలితమే.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన రోగనిర్ధారణ గ్రంథం మూడవ కూర్పులో పీటీఎస్‌డీని ఒక ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. వియత్నాం నుంచి తిరిగి వచ్చిన సైనికుల స్థితి ఈ గుర్తింపు వెనుక ప్రధాన ప్రేరణ. ఆఘాత ఘటన జ్ఞాపకాలుగా, పీడకలలుగా మళ్లీ మళ్లీ చొరబడటం, దానిని గుర్తుచేసే వాటినన్నింటినీ తప్పించుకు తిరగడం, ఆలోచనలూ మనోభావాలూ ప్రతికూలంగా మారడం, శరీరం నిరంతరం అప్రమత్తంగా ఉండి చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం – ఈ నాలుగు లక్షణ సముదాయాలు నెల రోజులకు మించి కొనసాగి, దైనందిన జీవితాన్ని దెబ్బతీసినప్పుడు ఈ రుగ్మతను నిర్ధారిస్తారు. ఆఘాతాన్ని అనుభవించిన వారందరికీ ఇది రాదు. ఎక్కువ మంది కాలక్రమంలో తేరుకుంటారు. తేరుకోని వారి గుండె గురించే ఇక్కడి చర్చ.

2. ‘సైనికుడి గుండె’

రుగ్మతకు నేటి పేరు రాకముందే వైద్యులు దానిని గుండె దగ్గర వెతికారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఫిలడెల్ఫియాలోని సైనిక ఆసుపత్రిలో పనిచేసిన జేకబ్ డా కోస్టా, గుండెదడ, ఛాతీనొప్పి, ఆయాసం, నీరసంతో వచ్చిన మూడు వందలకు పైగా సైనికులను పరిశీలించి 1871లో ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించారు. ఆయన దానికి పెట్టిన పేరు ‘చికాకుపడే గుండె’ అన్న అర్థాన్నిస్తుంది. ఆ సైనికుల గుండె నిర్మాణంలో చెప్పుకోదగ్గ లోపం కనిపించలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే స్థితి బ్రిటిష్ సైన్యానికి పెద్ద సమస్య అయింది. థామస్ లూయిస్ దీనిని శ్రమతో వ్యక్తమయ్యే లక్షణ సముదాయంగా వివరించి 1918లో పుస్తకం రాశారు. మంచం మీద పడుకోబెట్టే పాత పద్ధతిని వదిలి, క్రమంగా పెంచుకుంటూ పోయే వ్యాయామాన్ని చికిత్సగా ప్రయోగించారు.

డా కోస్టా రోగులందరూ నేటి పరిభాషలో పీటీఎస్‌డీ బాధితులేనని కొందరు రాస్తుంటారు. అది తొందరపాటు. వారిలో చాలామంది జ్వరాల నుంచీ విరేచనాల నుంచీ అప్పుడే కోలుకుంటున్నవారు. పైగా డా కోస్టా వెతికినది భయాన్ని కాదు, అతిశ్రమనూ వ్యాధినీ. ఈ చరిత్ర నుంచి తీసుకోదగినది ఇంకొకటి ఉంది. ఆ తరం వైద్యులు గుండెలో లోపం కనిపించకపోయేసరికి అది గుండెజబ్బు కాదని తేల్చి ఊరుకున్నారు. ఆ సైనికులే ఇరవై, ముప్పై ఏళ్ల తరువాత ఏ జబ్బుతో మరణించారన్న ప్రశ్న వేయడానికి అవసరమైన సాధనాలు అప్పటికి లేవు. దీర్ఘకాలిక సమూహ అధ్యయనాలు ఇరవయ్యో శతాబ్దపు రెండవ భాగంలోనే బలపడ్డాయి.

క్షణికమైన భయం గుండెను ఆపగలదనడానికి మాత్రం సాక్ష్యం స్పష్టం. 1994 జనవరి 17 తెల్లవారుజామున లాస్ ఏంజెలెస్ ప్రాంతాన్ని నార్త్‌రిడ్జ్ భూకంపం కుదిపేసింది. అంతకుముందు వారంలో హృద్రోగ సంబంధిత ఆకస్మిక మరణాలు రోజుకు సగటున 4.6 ఉండగా, ఆ ఒక్కరోజే అవి 24కు చేరాయి. తరువాతి రోజుల్లో ఆ సంఖ్య మామూలు కంటే తగ్గింది. అప్పటికే రక్తనాళాలు పాడైన వారిని భూకంపం కొన్ని రోజులు ముందుగా పడగొట్టిందని దీని భావం. పీటీఎస్‌డీ పనిచేసే తీరు వేరు. అక్కడ భూకంపం ఆగిపోయినా శరీరానికి ఆ సమాచారం చేరదు.

3. సంబంధం ఎంత గట్టిది?

ఆఘాత బాధితుల్లో హృద్రోగం ఎక్కువని చెప్పగానే ఒక న్యాయమైన సందేహం వస్తుంది. పేదరికంలో పెరిగినవారు, పొగతాగేవారు, కుటుంబంలో గుండెజబ్బు ఉన్నవారు ఆఘాతాలకూ ఎక్కువగా గురవుతారేమో! అప్పుడు రెండింటినీ వెనుక నుంచి నడిపించే మూడో కారణం వేరే ఉన్నట్టు. ఈ సందేహాన్ని తీర్చడానికి కవలలు ఉపకరిస్తారు. ఒకే గర్భంలో, ఒకే ఇంటిలో పెరిగి, జన్యువులను పంచుకున్న ఇద్దరిలో ఒకరికి రుగ్మత ఉండి మరొకరికి లేకపోతే, వారి మధ్య కనిపించే తేడాను వంశానికీ బాల్యానికీ అంటగట్టడం కష్టం.

ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన వియోలా వక్కారినో బృందం వియత్నాం కాలపు కవల సైనికుల రిజిస్ట్రీ నుంచి 281 జంటలను, అంటే 562 మందిని, తీసుకొని 2013లో ఫలితాలు ప్రచురించింది. ప్రారంభంలో వారి సగటు వయసు సుమారు 43 ఏళ్లు. అప్పటికి ఎవరికీ గుండెజబ్బు లేదు. దాదాపు 13 ఏళ్ల తరువాత చూస్తే పీటీఎస్‌డీ ఉన్నవారిలో 22.6 శాతం మందికీ, లేనివారిలో 8.9 శాతం మందికీ హృద్ధమని వ్యాధి వచ్చింది. పొగాకు, వ్యాయామం, రక్తపోటు, కుంగుబాటు వంటి వాటిని లెక్కలోకి తీసుకున్నా ముప్పు రెట్టింపుగానే నిలిచింది. సోదరుల్లో ఒకరికే రుగ్మత ఉన్న జంటల్లోనూ ఫలితం అదే దిశలో ఉంది. ఈ అధ్యయనానికి మరొక బలం కూడా ఉంది. రోగులు చెప్పిన మాటతో సరిపెట్టుకోకుండా, పెట్ స్కానింగ్ ద్వారా గుండె కండరంలోకి రక్తం ఎలా ప్రవహిస్తోందో కొలిచారు. రుగ్మత ఉన్న సోదరుల్లో ప్రసరణ లోపాలు ఎక్కువగా కనిపించాయి. తమకు జబ్బు ఉందని వారు అనుకోవడం వల్ల కలిగిన తేడా కాదిది.

ఇది సైనిక పురుషులకే పరిమితమా అన్న ప్రశ్నకు అమెరికా నర్సుల ఆరోగ్య అధ్యయనం రెండవ దశ సమాధానమిచ్చింది. జెనిఫర్ సమ్నర్, లారా కుబ్‌జాన్‌స్కీ తదితరులు 49,978 మంది మహిళలను 20 ఏళ్ల పాటు గమనించిన సమాచారాన్ని 2015లో విశ్లేషించారు. ఆఘాతంతో పాటు నాలుగు లేదా అంతకు మించి లక్షణాలున్న మహిళల్లో గుండెపోటు, పక్షవాతం ముప్పు సుమారు 60 శాతం ఎక్కువ. ఆ పెరుగుదలలో దాదాపు సగానికి పొగాకు, స్థూలకాయం, రక్తపోటు, మధుమేహం వంటి పరిచిత కారకాలే మార్గమయ్యాయి. మిగతా సగం అలా వివరణకు లొంగలేదు. అదే అధ్యయనంలో భాగంగా 2014లో వెలువడిన మరొక విశ్లేషణ, లక్షణాలు మొదలైన తరువాత మహిళల బరువు పెరిగే వేగం హెచ్చిందని చూపింది. కారణం ముందూ ఫలితం వెనుకా అన్న క్రమాన్ని స్పష్టం చేసే ఇటువంటి ఆధారం ఈ రంగంలో అరుదు. అందుకే దాని విలువ ఎక్కువ.

4. భయం రక్తనాళం దాకా చేరే దారి

ప్రమాదం ఎదురైనప్పుడు సహానుభూత నాడీవ్యవస్థ ఉత్తేజితమై అడ్రినలిన్, నార్అడ్రినలిన్ విడుదలవుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. రక్త ఫలకికలు గాయం తగిలితే వెంటనే గడ్డకట్టేందుకు సిద్ధమవుతాయి. ప్రమాదం తొలగాక వేగస్ నాడి ఈ వేగానికి కళ్లెం వేస్తుంది. పీటీఎస్‌డీలో ఈ కళ్లెం బలహీనపడుతుంది. ఈ రుగ్మత ఉన్నవారిలో విశ్రాంతి సమయంలో కూడా గుండె వేగం కొంత ఎక్కువగా ఉండటం, ఆఘాతాన్ని గుర్తుచేసే శబ్దానికో దృశ్యానికో అది మరింత పెరగడం అనేక అధ్యయనాల సమీక్షల్లో తేలింది. గుండె కొట్టుకునే వేగంలో శ్వాసను అనుసరించి సహజంగా ఉండవలసిన హెచ్చుతగ్గులు కూడా తగ్గుతాయి. ఆరోగ్యవంతుల రక్తపోటు రాత్రి నిద్రలో దిగుతుంది. పీడకలలతో మెలకువ వచ్చే మనిషికి ఆ విరామమూ కరువే.

కార్టిసాల్ విషయంలో సామాన్య అంచనా తప్పుతుంది. ఒత్తిడి అంటే కార్టిసాల్ ఎక్కువ కావడమేనని పాఠ్యపుస్తకాల్లో చదువుతాం. రేచెల్ యెహుదా మొదలైన వారి పరిశోధనల్లో మాత్రం చాలామంది పీటీఎస్‌డీ బాధితుల్లో అది సాధారణ స్థాయి కంటే తక్కువగా కనిపించింది. ఫలితాలన్నీ ఏకరీతిగా లేవన్నది నిజమే. కార్టిసాల్ శరీరంలోని శోథను అదుపులో ఉంచే హార్మోన్ కూడా. ఆ అదుపు సడలితే రక్తనాళాల గోడల్లో కొవ్వు ఫలకాలు పెరగడానికీ చిట్లడానికీ తోడ్పడే శోథ ప్రక్రియ బలపడటంలో ఆశ్చర్యం లేదు. అహ్మద్ తవకోల్ బృందం 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ గొలుసులోని కొన్ని లంకెలను ఒకేసారి చూపింది. 293 మంది స్కాన్‌లను పరిశీలించగా, భయాన్ని గుర్తించే అమిగ్డలాలో క్రియాశీలత ఎక్కువగా ఉన్నవారిలో ఎముక మజ్జ చురుకుదనం, ధమనుల్లో శోథ, ఆ తరువాతి కాలంలో హృద్రోగ ఘటనలు కూడా ఎక్కువగా ఉన్నాయి. మెదడులోని ఒక చిన్న భాగానికీ, తెల్లరక్తకణాలను పుట్టించే మజ్జకూ, ధమని గోడకూ మధ్య దారి ఉందనడానికి మనుషుల్లో లభించిన తొలి సూచనల్లో ఇదొకటి.

ఇక ప్రవర్తన ద్వారా నడిచే దారి అందరికీ తెలిసినదే: సిగరెట్, మద్యం, వ్యాయామం మానేయడం, నిద్రలేమి, వైద్యుని దగ్గరికి వెళ్లకపోవడం. ఈ రెండు దారులూ వేరువేరుగా సాగవు. నిద్రపట్టని మనిషి తాగుతాడు, తాగిన మనిషికి నిద్ర మరింత చెడుతుంది.

5. చికిత్సతో మారేదేమిటి?

పీటీఎస్‌డీకి నేడు గట్టి ఆధారమున్న చికిత్సలు మాటల ద్వారా సాగేవే. ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో బాధితుడు తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాన్ని చికిత్సకుని సమక్షంలో పదే పదే చెప్పి, దాని పట్టు సడలేదాకా ఎదుర్కొంటాడు. ప్యాట్రీషియా రెసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ ‘తప్పు నాదే’, ‘ఎవరినీ నమ్మకూడదు’ వంటి స్థిరపడిన తీర్పులను పరీక్షకు పెడుతుంది. ఫ్రాన్సిన్ షాపిరో ప్రవేశపెట్టిన ఈఎండీఆర్ మూడవది. ఇటువంటి చికిత్సల తరువాత, ఆఘాతాన్ని గుర్తుచేసినప్పుడూ పెద్ద శబ్దం విన్నప్పుడూ గుండె స్పందించే తీరు శాంతిస్తుందని కొన్ని ప్రయోగశాల అధ్యయనాలు చూపాయి. అంటే మొదటి లంకె కదులుతోంది. అయితే అది ప్రయోగశాలలో కొద్ది నిమిషాల కొలత. ధమని గోడలో ఇరవై ఏళ్లుగా పేరుకున్న దానికి సంబంధించిన కొలత కాదు.

రక్తపోటు విషయంలో సాక్ష్యం కొంత ఆశాజనకం. మాథ్యూ బర్గ్ బృందం 2017లో ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగి వచ్చిన 1,94,319 మంది మాజీ సైనికుల వైద్య రికార్డులను విశ్లేషించింది. పీటీఎస్‌డీ ఉన్నవారిలో కొత్తగా రక్తపోటు వ్యాధి రావడం ఎక్కువగా ఉంది. చికిత్స పొందినవారిలో ఈ అదనపు ముప్పు, పొందనివారితో పోలిస్తే తక్కువ. మధుమేహం విషయంలో జెఫ్రీ షెరర్ బృందం 2019లో ఇంకా గట్టి ఫలితాన్ని ప్రకటించింది. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో లక్షణాల తీవ్రత చెప్పుకోదగ్గంతగా తగ్గినవారిలో, తగ్గనివారితో పోలిస్తే రెండవ రకం మధుమేహం వచ్చే ముప్పు దాదాపు సగమే. రక్తపోటు, మధుమేహం రెండూ గుండెజబ్బుకు నడిచే బాటలు కనుక తరువాతి మెట్టు కూడా ఇలాగే ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు.

అదే బృందం ఆ మెట్టును 2020లో పరీక్షించింది. ప్రత్యేక పీటీఎస్‌డీ క్లినిక్‌లలో చికిత్స పొందిన 1,079 మంది రోగులను తీసుకొని, లక్షణాల స్కోరు ఇరవై పాయింట్లు లేదా అంతకు మించి తగ్గినవారినీ తగ్గనివారినీ పోల్చింది. హృద్రోగం విషయంలో తేడా కనిపించలేదు. 2 నుంచి 7 ఏళ్ల అనుసరణ కాలంలో, కోలుకున్నవారికీ కోలుకోనివారికీ గుండెజబ్బు దాదాపు ఒకే తీరున వచ్చింది.

ఈ ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గరే ఈ రంగంలోని అసలు చర్చ ఉంది. మొదటి వివరణ కాలానికి సంబంధించినది. ధమనుల్లో కొవ్వు ఫలకాలు దశాబ్దాల తరబడి పెరుగుతాయి. నలభై తొమ్మిదో ఏట, ఇరవై ఏళ్ల బాధ తరువాత మనసు తేలికపడితే, ఐదేళ్లలో రక్తనాళం పాత స్థితికి వస్తుందని ఆశించడానికి జీవశాస్త్రంలో ఆధారం లేదు. మధుమేహం తక్కువ కాలంలోనే స్పందిస్తుంది. ధమని గోడకు అంత తొందర లేదు. ఈ వివరణ సబబుగానే ఉంది. కానీ ఏ నిరాశాజనక ఫలితానికైనా ‘ఇంకా కొంతకాలం ఆగాలి’ అనే సమాధానం చెప్పవచ్చు గనుక, దానిని ఒక పరిధి దాకానే నమ్మడం మంచిది.

రెండవ వివరణ కొంత ఇబ్బంది పెట్టేది. షెరర్ బృందమే 2019లో మరొక అధ్యయనంలో పీటీఎస్‌డీ ఉన్న 2,519 మందినీ లేని 1,659 మందినీ పోల్చింది. వయసును మాత్రమే సరిచేసినప్పుడు హృద్రోగ ముప్పు 41 శాతం ఎక్కువగా కనిపించింది. తరువాత పొగతాగడం, మాదకద్రవ్యాలు, నిద్ర సమస్యలు, కుంగుబాటు, ఇతర ఆందోళన రుగ్మతలు, స్థూలకాయం, మధుమేహం, రక్తపోటు వంటి వాటిని కలిపి సరిచేయగా ఆ తేడా మాయమైంది. వీటిలో ఏ ఒక్కటీ విడిగా దానిని వివరించలేకపోయింది. అన్నీ కలిస్తేనే వివరించగలిగాయి. ఈ లెక్కన పీటీఎస్‌డీని ఒక్కదాన్నే నయంచేసి, దాని చుట్టూ అల్లుకున్న సిగరెట్‌నూ, నిద్రలేమినీ, బరువునూ అలాగే వదిలేస్తే గుండెకు మేలు జరగకపోవడం వింతేమీ కాదు. కవలల అధ్యయనంతో ఇది విభేదిస్తున్నట్టు కనిపిస్తుంది. కానీ రెండు అధ్యయనాలూ అడిగిన ప్రశ్నలు ఒకటి కావు. స్థూలకాయం, రక్తపోటు వంటివి పీటీఎస్‌డీ వల్లే వచ్చినవైతే, వాటిని గణాంకపరంగా తొలగించడం అంటే వాగు పారే కాలువను పూడ్చి, వాగులో నీరే లేదని చెప్పడం వంటిది. అవి కారణాలా మధ్యవర్తులా అన్నది గణాంకం తేల్చదు, కాలక్రమం తేల్చాలి. నర్సుల బరువు గురించిన పై అధ్యయనం మధ్యవర్తులన్న వైపే మొగ్గుతోంది.

మూడవ చిక్కు పద్ధతికి సంబంధించినది. పరిశోధక విద్యార్థులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. ఈ అధ్యయనాలన్నీ ‘కోలుకున్నవారు – కోలుకోనివారు’ అని, లేదా ‘చికిత్స పొందినవారు – పొందనివారు’ అని పోల్చాయి. ఈ విభజనను ఎవరూ చీటీలు తీసి చేయలేదు. పన్నెండు వారాలు వరుసగా చికిత్సకు హాజరుకాగలిగిన మనిషికి ఇల్లు, కుటుంబం, ప్రయాణ సౌకర్యం, పట్టుదల ఉండే అవకాశం ఎక్కువ. అవే అతని రక్తపోటు మాత్రలనూ, నడకనూ కూడా నిలబెడతాయి. కాబట్టి అనుకూల ఫలితం వచ్చిన మధుమేహ అధ్యయనాన్నీ ప్రతికూల ఫలితం వచ్చిన హృద్రోగ అధ్యయనాన్నీ ఒకే త్రాసులో తూచాలి. నచ్చినదానికి ఒక ప్రమాణం, నచ్చనిదానికి మరొక ప్రమాణం పనికిరాదు. పత్రికా కథనాలు మొదటిదాన్ని శీర్షికలకెక్కించి, రెండవదాన్ని విస్మరించడం సహజంగానే జరుగుతుంది. పరిశోధన వ్యాసాలు కూడా అదే దారి పట్టడం విచారకరం.

యాదృచ్ఛికంగా విభజించిన పెద్ద పరీక్ష ఒకటుంటే ఈ చిక్కు తీరుతుంది. కుంగుబాటు విషయంలో అటువంటి పరీక్ష జరిగింది, అది నేర్పిన పాఠం చేదుగా ఉంది. 2003లో ఫలితాలు వెలువడిన ‘ఎన్‌రిచ్డ్’ పరీక్షలో గుండెపోటు వచ్చిన 2,481 మంది పాల్గొన్నారు. వారు కుంగుబాటుతోనో, సామాజిక తోడు లేమితోనో బాధపడుతున్నవారు. సగం మందికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఇచ్చారు. కుంగుబాటు కొంత తగ్గింది. మరణాల్లోనూ మరోసారి గుండెపోటు రావడంలోనూ తేడా రాలేదు. పీటీఎస్‌డీపై అంతటి పరీక్ష జరపాలంటే వేలాది మంది, పదేళ్లకు తక్కువ కాని కాలం అవసరం. ఫలితమిచ్చే చికిత్స చేతిలో ఉండగా సగం మందిని పదేళ్లపాటు దానికి దూరంగా ఉంచడానికి ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. అందుకే గుండెపోటుల లెక్కను పక్కనపెట్టి, గుండె కండరంలో రక్తప్రసరణ, రక్తనాళం వ్యాకోచించే శక్తి, గుండె వేగంలోని హెచ్చుతగ్గులు వంటి మధ్యంతర కొలమానాల మీద చికిత్స ప్రభావాన్ని చూడటమే ఆచరణీయ మార్గం.

6. మందుల సంగతి

మందులతో చేసే చికిత్సకు గుండె విషయంలో రెండు ముఖాలున్నాయి. పీటీఎస్‌డీకి అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆమోదించిన మందులు రెండే: సెర్ట్రలిన్, పరోక్సెటిన్. గుండెపోటు తరువాత కుంగుబాటు ఉన్నవారిలో సెర్ట్రలిన్ సురక్షితమని 2002లో ఒక యాదృచ్ఛిక పరీక్ష చూపింది. ఇదే రుగ్మతకు వాడే వెన్‌లాఫాక్సిన్ కొందరిలో రక్తపోటును పెంచుతుంది. నిద్ర కోసమో చికాకు తగ్గడానికో రాసే కొన్ని యాంటీసైకోటిక్ మందులు బరువునూ చక్కెరనూ పెంచుతాయి. మనసుకు వాడే మందే గుండెకు బరువు కాగలదన్నది మానసిక వైద్యులు ఎరిగినదే అయినా, నడుము చుట్టుకొలత కొలిచే అలవాటు ఆ గదుల్లో తక్కువ.

ప్రజోసిన్ కథ ఇందుకు భిన్నం. ఇది మొదట రక్తపోటు మందు. నార్అడ్రినలిన్ చర్యను కొంత అడ్డుకుంటుంది కనుక పీడకలలకు వాడటం మొదలైంది. చిన్న పరీక్షల్లో మంచి ఫలితాలు వచ్చాయి. 304 మంది మాజీ సైనికులతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలను 2018లో మరీ రాస్కిండ్ బృందం ప్రచురించగా, ఉత్తుత్తి మాత్రకంటే అది మెరుగని తేలలేదు. నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉన్నవారికి రాత్రిపూట గాలిని అందించే సీప్యాప్ యంత్రం వాడితే పీడకలలు కూడా తగ్గిన సందర్భాలున్నాయి. గుండెకు చేసిన మేలు మనసుకూ చేరిన ఉదాహరణ ఇది. ఆ రెండవ దిశను పరిశోధకులు ఇంకా ఎక్కువగా పట్టించుకోవలసి ఉంది.

7. గుండెపోటే ఆఘాతమైనప్పుడు

పై అధ్యయనాల్లో అధికభాగం అమెరికా సైనికులవీ నర్సులవీ. వాటిని దక్షిణాసియాకు యథాతథంగా దించుకోవడం కుదరదు. ఇక్కడ గుండెపోటు పడమటి దేశాల కంటే ముందే వస్తుంది. 52 దేశాల్లో జరిగి 2004లో ఫలితాలు వెలువడిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సుమారు 53 ఏళ్లకే రాగా, మిగతా దేశాల వారికి అది 59 ఏళ్ల దగ్గర వచ్చింది. మానసిక, సామాజిక ఒత్తిడి కూడా ప్రధాన ముప్పు కారకాల్లో ఒకటని అదే అధ్యయనం నిర్ధారించింది. అది కొలిచినది సాధారణ ఒత్తిడిని, పీటీఎస్‌డీని కాదు. యాభై ఏళ్లకే, సంపాదిస్తున్న వయసులో, ఇంటిల్లిపాది ముందు కుప్పకూలిన మనిషికి ఆ రాత్రి ఒక ఆఘాతం కాకుండా ఎలా ఉంటుంది?

డొనాల్డ్ ఎడ్మండ్‌సన్ బృందం 2012లో 24 అధ్యయనాలను, 2,383 మంది రోగులను కలిపి విశ్లేషించింది. గుండెపోటు, తత్సంబంధ అత్యవసర స్థితుల నుంచి బయటపడినవారిలో సగటున 12 శాతం మందికి చెప్పుకోదగ్గ పీటీఎస్‌డీ లక్షణాలున్నాయి. అటువంటి వారిలో మళ్లీ గుండెపోటు రావడం లేదా మరణించడం రెట్టింపు. ఈ రోగుల స్థితి సైనికుని స్థితి కంటే ఒక విధంగా కఠినం. సైనికుడు యుద్ధభూమిని వదిలి ఇంటికి రాగలడు. ఇక్కడ ఆఘాతస్థలం రోగి ఛాతీలోనే ఉంది. మెట్లెక్కినప్పుడు కొట్టుకునే గుండె ప్రతిసారీ ఆ రాత్రిని గుర్తుచేస్తుంది. దానిని తప్పించుకోవడానికి అతడు నడక మానేస్తాడు. గుండెకు అవసరమైనది కూడా ఆ నడకే.

మందుల విషయంలో ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఆస్పిరిన్, స్టాటిన్, బీటా బ్లాకర్ రోజూ వేసుకోవాలి. తప్పించుకు తిరగడం లక్షణంగా ఉన్న రోగికి మాత్రల పెట్టె కూడా ఒక జ్ఞాపిక. ఎయాల్ షెమెష్, తదితరులు గుండెపోటు రోగుల్లో పీటీఎస్‌డీ లక్షణాలకూ మందులు సరిగా వేసుకోకపోవడానికీ, ఆపై చెడు ఫలితాలకూ సంబంధం ఉందని 2004లో చూపారు. ఇటువంటి రోగిని వైద్యుడు ‘మతిమరుపు’ అనో ‘నిర్లక్ష్యం’ అనో కోప్పడి పంపడం మామూలే. కోప్పడటం వల్ల ఆసుపత్రి కూడా తప్పించుకు తిరగవలసిన చోట్ల జాబితాలో చేరుతుంది.

చికిత్స విషయంలో హృద్రోగ నిపుణులకు ఒక సహజమైన భయం ఉంది. బలహీనమైన గుండె ఉన్న మనిషి చేత భయంకర జ్ఞాపకాన్ని పదే పదే చెప్పిస్తే మళ్లీ గుండెపోటు వస్తుందేమోనన్నది ఆ భయం. ఆ కారణంగా చాలామందికి సిఫారసు చీటీయే రాయరు. షెమెష్ బృందం హృద్రోగం వల్ల పీటీఎస్‌డీ వచ్చిన 60 మందితో ఒక యాదృచ్ఛిక పరీక్ష జరిపి 2011లో ఫలితాలు ప్రచురించింది. ఊహలో జ్ఞాపకాన్ని ఎదుర్కొనే కొద్ది విడతల చికిత్స పొందినవారికీ, విద్యాత్మక సలహా మాత్రమే పొందినవారికీ మధ్య రక్తపోటులోనూ నాడి వేగంలోనూ ప్రమాదకరమైన తేడా రాలేదు. గుండెజబ్బు అకస్మాత్తుగా వచ్చి, లక్షణాలు ఎక్కువగా ఉన్నవారిలో పీటీఎస్‌డీ తగ్గింది. పరీక్ష చిన్నదే. చికిత్సను నిరాకరించడానికి చెప్పే ప్రధాన కారణాన్ని బలహీనపరచడానికి మాత్రం అది చాలు.

అందరికీ ముందే సలహా ఇస్తే రుగ్మతను నివారించవచ్చునన్న ఆశ నెరవేరలేదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో రోలాండ్ ఫన్ కానెల్ బృందం గుండెపోటుతో చేరిన 190 మందికి తొలి రెండు రోజుల్లోనే 45 నిమిషాల సంభాషణ ఏర్పాటు చేసింది. సగం మందితో ఆఘాతం గురించీ, సగం మందితో సాధారణ ఒత్తిడి గురించీ మాట్లాడారు. మూడు నెలల తరువాత తేడా లేదు. అయితే ఎడ్మండ్‌సన్ తదితరులు 2013లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలన వేరే వైపు దృష్టి మళ్లించింది. రద్దీగా ఉన్న అత్యవసర విభాగంలో చికిత్స పొందిన గుండె రోగుల్లో నెల తరువాత పీటీఎస్‌డీ లక్షణాలు ఎక్కువగా ఉన్నాయి. స్ట్రెచర్ పక్కన మరొక స్ట్రెచర్, కంటి ముందే మరొకరి ఛాతీ మీద ఒత్తుతున్న చేతులు, ఏం జరుగుతోందో చెప్పేవారు లేకపోవడం – తెలుగు నేలమీద ఏ పెద్ద ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగంలో నిలబడినా ఈ దృశ్యం అపరిచితం కాదు. పడకకూ పడకకూ మధ్య ఒక తెర, రోగి చెవిలో రెండు వాక్యాల వివరణ ఖరీదైన ఏర్పాట్లేమీ కావు. నెల తరువాత పరీక్షకు వచ్చినప్పుడు ఈసీజీతో పాటు, ఆ రాత్రి గురించిన కలలు వస్తున్నాయా, మాత్ర చేతిలోకి తీసుకోగానే ఏమనిపిస్తోంది అని అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది.